మడత చాకు విప్పితే బయటపడే లెక్కలు

విక్టోరినాక్స్ కంపెనీ స్పార్టన్ చాకు మందం 15 మిల్లీమీటర్లు. క్లైంబర్ 18, హంట్స్‌మన్ 21, స్విస్‌చాంప్ 33. నాలుగింటి పొడవూ ఒకటే, 91 మిల్లీమీటర్లు. స్పార్టన్‌లో పనిముట్లు రెండు వరసల్లో ఉంటాయి. క్లైంబర్‌లో మూడు వరసలు, హంట్స్‌మన్‌లో నాలుగు, స్విస్‌చాంప్‌లో ఎనిమిది. వరస ఒకటి పెరిగినప్పుడల్లా మందం దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతోంది. రెండు నుంచి ఎనిమిదికి ఆరు వరసలు, ఆరు మూళ్లు పద్దెనిమిది, దానికి 15 కలిపితే 33. చాకును చేత్తో ముట్టుకోకుండానే, కేటలాగులోని నాలుగు అంకెలతో దాని లోపలి కట్టుబడి తెలిసిపోయింది.

మడత చాకుల్ని విప్పి, ఇంకో చాకు భాగాలు తెచ్చి వేసి, తమకు కావలసినట్టు మళ్లీ కూర్చుకునే అభిరుచి ఇవాళ చాలా దేశాల్లో ఉంది. ఆ పని నడిచేదంతా ఇలాంటి ఉమ్మడి కొలతల మీదే. 91 మిల్లీమీటర్ల కుటుంబంలో చీలలు దిగే రంధ్రాలు ఒకే చోట ఉంటాయి. కాబట్టి ఒక మోడల్ లోంచి కత్తెర వరసను తీసి మరో మోడల్‌లో పెట్టొచ్చు. పట్టకారు కావాలి గానీ చేప పొలుసు గీకే పలక అక్కర్లేదనుకునేవాళ్లు స్విస్‌చాంప్‌లో ఆ ఒక్క వరస తీసేసి జేబుకు 3 మిల్లీమీటర్ల మందం తగ్గించుకోవచ్చు. కుటుంబం మారిందంటే ఈ వీలు పోతుంది. స్విస్ సైన్యానికి చాకులు చేసిన మరో కంపెనీ వెంగర్. దాని చాకు పొడవు 85 మిల్లీమీటర్లు. విక్టోరినాక్స్‌లో 84 మిల్లీమీటర్ల రకం ఒకటుంది. తేడా ఒక్క మిల్లీమీటరే. 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ను కొనేసింది కూడా. అయినా ఆ రెండింటి భాగాలు ఒకదానిలో ఒకటి ఇమడవు, చీలల చోట్లే వేరు.

అసలు ఈ చాకు పుట్టిందే ఇంకో వస్తువును విప్పడం కోసం. స్విస్ సైన్యం 1889లో ష్మిట్-రూబిన్ రైఫిల్‌ను తీసుకుంది. దాన్ని విప్పి శుభ్రం చేయడానికి సిపాయికి స్క్రూడ్రైవరు అవసరమైంది. బ్లేడు, స్క్రూడ్రైవరు, డబ్బా మూత కోసే పనిముట్టు, బెజ్జం పొడిచే మొన, ఈ నాలుగూ ఒకే పిడిలో ఉండాలని సైన్యం అడిగింది. 1884లో ఇబాఖ్ గ్రామంలో కార్ఖానా పెట్టిన కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి చాకులు ఇవ్వడం మొదలుపెట్టాడు. సిపాయి చాకు దిట్టమైనదే గానీ బరువు. 1897 జూన్ 12న ఎల్సెనర్ ఆఫీసర్ల కోసం తేలికైన చాకును రిజిస్టరు చేయించాడు. అందులో పనిముట్లు ఆరు, స్ప్రింగులు రెండే. స్ప్రింగు పట్టీకి ఒకవైపే కాకుండా రెండు వైపులా పనిముట్లు బిగించడం అతని ఆలోచన. ముందువైపు బ్లేడు, వెనకవైపు కార్కు తీసే మెలికల సూది, రెంటినీ తోసిపట్టేది అదే ఉక్కు పట్టీ. నూట పాతికేళ్లు దాటాక కూడా స్పార్టన్ ఆ సూత్రం మీదే నడుస్తోంది.

చాకు లోపల ఉన్నదంతా ఒకే ఉక్కు, ఒకే గట్టిదనం అనుకోవడం పొరపాటు. గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలమానంలో చెబుతారు. విక్టోరినాక్స్ బ్లేడు 56, రంపం, కత్తెర, గోళ్ల ఆకురాయి 53, స్క్రూడ్రైవరు, డబ్బా కోసేది 52, స్ప్రింగులు 49. పదును నిలవాలంటే గట్టిదనం ఎక్కువుండాలి. వంగి మళ్లీ యథాస్థానానికి రావాలంటే తక్కువుండాలి. స్క్రూడ్రైవరు ఈ రెంటికీ మధ్యన ఉండాలి, లేకపోతే మెలి తిప్పినప్పుడు కొస ఎగిరిపోతుంది. బ్లేడును 1040 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చి చల్లార్చి, మళ్లీ 160 డిగ్రీలకు వేడి చేస్తే ఆ 56 వస్తుంది. చాకును మార్చుకునేవాళ్లకు ముఖ్యమైన అంకె ఈ 160. బ్లేడు ఆకారం మార్చాలని గ్రైండరు మీద పెడితే, అంచు వేడి ఆ గీత దాటేకొద్దీ గట్టిదనం సడలుతూ వస్తుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు మీద పసుపు ఛాయ కనిపించేసరికి వేడి ఎప్పుడో ఆ గీత దాటి ఉంటుంది. అందుకే బ్లేడును వట్టి చేత్తో పట్టుకుని, చేతికి వేడి తగిలిన ప్రతిసారీ నీళ్లలో ముంచుతూ అరగదీస్తారు. చేయి ఓర్చుకోలేని వేడి ఉక్కుకు ఇంకా సురక్షితమైన వేడే.

ఇక విప్పే పని. స్విస్ చాకులో మరలుండవు. ఇత్తడి చీలల్ని వరసలన్నింటి గుండా దింపి, రెండు కొసల్నీ సుత్తితో చదును చేసి బిగించేస్తారు. ఎర్రటి పిడి పలకలు మాత్రం వేరు. చీలల కొసల మీదుండే ఇత్తడి గుబ్బలకు అవి నొక్కుడు బిగింపుతో పట్టుకుని ఉంటాయి. సన్నని రేకును సందులోకి దూర్చి మెల్లగా పైకి లేపితే ఊడి వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు పగలొచ్చు గనక చాలామంది ముందు చాకును గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచుతారు. పలకలు మార్చడం వరకే కోరిక అయితే పని ఇక్కడితో సరి. పెన్ను, గుండుసూది దాచుకునే గాడి ఉన్న ‘ప్లస్’ పలకలు కొని నొక్కితే చాలు, చీల ముట్టుకోనక్కర్లేదు. కొత్తవాళ్లు ఇక్కడ ఆగిపోతే మంచిదని నా అభిప్రాయం. అల్యూమినియం పలకలున్న ఆలాక్స్ రకాలకు ఈ సౌకర్యం లేదు, వాటి పలకల్ని కూడా చీలలే పట్టి ఉంచుతాయి.

లోపలికి వెళ్లాలంటే చీల తలను ఆకురాయితోనో డ్రిల్లుతోనో తొలగించి, సన్నని పంచితో అవతలికి తోయాలి. ఇత్తడి మెత్తన, చుట్టూ ఉన్న ఉక్కు గట్టిది. డ్రిల్లు జారిందంటే మెత్తటి వైపుకే, అంటే వరసల మధ్య ఉండే పలచని అల్యూమినియం రేకుల మీదికే పోతుంది. చీల బయటికి రాగానే వంగి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడివడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు, బ్లేడు అంచుకు టేపు చుట్టకుండా అసలు చేయకూడదు. మళ్లీ కూర్చేటప్పుడు కొత్త ఇత్తడి కడ్డీని కొలతకు కోసి, చిన్న సుత్తితో కొసల్ని కొద్దికొద్దిగా చదును చేస్తారు. నాలుగు దెబ్బలు కొట్టడం, పనిముట్లన్నీ తెరిచి మూసి చూడడం, మళ్లీ నాలుగు దెబ్బలు. ఒక్క దెబ్బ ఎక్కువైతే బ్లేడు కదలదు. చీల ఒకసారి చదునయ్యాక వదులు చేసే దారి లేదు, ఆ కడ్డీ పోయినట్టే, మళ్లీ మొదటికి రావాలి. మర ఉన్న చాకుకూ దీనికీ అసలు తేడా ఇదే.

మరల చాకులకు ఉదాహరణగా బెంచ్‌మేడ్ కంపెనీ బగౌట్‌ను తీసుకుందాం. 2017లో వచ్చింది. బ్లేడు 82 మిల్లీమీటర్లు, బ్లేడు మందం 2.29 మిల్లీమీటర్లు, మొత్తం బరువు 52 గ్రాములు. గాజు పోగు కలిపిన నైలాన్ పిడి. దీనికి బదులు భాగాలు చేసి అమ్మేవాళ్లు ఎంతమంది ఉన్నారంటే, పిడి పలకలు, జేబు క్లిప్పు, బొటనవేలి గుబ్బ, మరలు, నడుమ ఊచలు అన్నీ విడివిడిగా కొనుక్కోవచ్చు. పట్టుకుంటే నైలాన్ పిడి కాస్త వంగుతుందని దిట్టమైన పలకలు వేసుకునేవాళ్లే ఎక్కువ.

పలక మార్చే ముందు బరువు లెక్క కట్టుకోవడం మంచిది. ఒక పలక 100 మిల్లీమీటర్ల పొడవు, 22 వెడల్పు, 3 మందం అనుకుందాం. ఘనపరిమాణం 6.6 ఘన సెంటీమీటర్లు. గాజు పోగు నైలాన్ సాంద్రత సుమారు 1.5, కాబట్టి రెండు పలకలు కలిపి 20 గ్రాములు. అల్యూమినియం సాంద్రత 2.7, జత 36 గ్రాములు. టైటానియం 4.43, జత 58. ఇత్తడి 8.5, జత 112. అంటే 52 గ్రాముల చాకుకు అల్యూమినియం వేస్తే 68, టైటానియం వేస్తే 90, ఇత్తడి వేస్తే 144 గ్రాములు. నిజం పలకల్లో గుంటలు, రంధ్రాలు ఉంటాయి గనక బరువు ఇంతకన్నా కొంత తగ్గుతుంది. నిష్పత్తి మాత్రం మారదు. కార్బన్ ఫైబర్ సాంద్రత 1.55 దగ్గర, జత 20 గ్రాములే. నైలాన్‌కూ దానికీ బరువులో తేడా లేదన్నమాట. ఎక్కువ డబ్బు పెట్టి కార్బన్ ఫైబర్ వేయించుకుంటే దక్కేది వంగని గుణం, అందం. చాకు తేలికవుతుందని ఆశపెట్టుకోనక్కర్లేదు. ఇత్తడి చేతికి నిండుగా ఉంటుందని ఇష్టపడేవాళ్లున్నారు, కాదనను. కానీ 52 గ్రాములకు తేవడానికి రూపకర్త పడిన శ్రమంతా ఆ ఒక్క మార్పుతో వృథా అవుతుంది.

విప్పడానికి నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు కావాలి. ఈ ఆరు కోణాల తలను 1967లో అమెరికాలో కామ్‌కార్ సంస్థ రూపొందించింది. చాకుల్లో ఎక్కువగా కనిపించేవి టి6, టి8, టి10. కొస నుంచి కొసకు దాదాపు 1.7, 2.3, 2.7 మిల్లీమీటర్లు. టి8 గుంటలో టి6 కూడా దూరుతుంది, తిరిగినట్టే అనిపిస్తుంది, రెండో తిప్పుకు గుంట గోడలు అరిగిపోతాయి. చాకులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. అరిగిన తల ఒకటి బ్లేడు తిరిగే ఇరుసు మధ్యలో కూర్చుంటే ఆ తర్వాత ఏ నేర్పూ పనికిరాదు. బిట్టును గుంటలో పూర్తిగా దించి, పైనుంచి నొక్కిపట్టి తిప్పాలి. నాసిరకం బిట్లతో మొదలుపెట్టడం కంటే చాకును విప్పకుండా ఉంచడం మేలు.

మర కదలకపోతే కారణం దాదాపు ప్రతిసారీ జిగురే. ఇలాంటి మర జిగురును అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసరు వెర్నన్ క్రీబుల్ 1953లో కనిపెట్టాడు. అదే తర్వాత లాక్‌టైట్ అయింది. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగా ఉంటుంది. మర సందులో గాలి ఆడక, లోహం తాకినప్పుడు గట్టిపడుతుంది. నీలం రకం చేతి పనిముట్లతో ఊడుతుంది. ఎరుపు రకం ఊడాలంటే 260 డిగ్రీల వేడి కావాలి. నైలాన్ పిడి ఓర్వగలిగే వేడి కాదది. అందుకని టంకం పెట్టే ఇనుము కొసను మర తల మీద మాత్రమే ఆనించి, పిడికి సెగ తగలకముందే తిప్పుతారు. తిరిగి బిగించేటప్పుడు నీలం జిగురు ఒక చిన్న చుక్క చాలు. ఎక్కువైతే బ్లేడుకు రెండు పక్కలా ఉండే వాషర్లలోకి పాకి బ్లేడును పట్టేస్తుంది.

ఇరుసు దగ్గరికి వచ్చాం. చాకు పనితనం తెలిసేది ఇక్కడే. ఇరుసు మర పిచ్ 0.5 మిల్లీమీటర్లు అనుకుందాం, ఎం3 మరకు ఉండేది అదే. ఒక పూర్తి చుట్టుకు మర అర మిల్లీమీటరు లోపలికి పోతుంది. చుట్టులో ఎనిమిదో వంతు తిప్పితే 0.06 మిల్లీమీటర్లు. మనిషి తల వెంట్రుక మందం కూడా సుమారుగా అంతే. ఆ ఎనిమిదో వంతు అటుంటే బ్లేడు గలగలా ఊగుతుంది, ఇటుంటే బొటనవేలికి లొంగదు. విప్పేముందు ఇరుసు మర తలకూ పిడికీ కలిపి స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసుకుంటే, తిరిగి బిగించేటప్పుడు కనీసం ఎక్కడికి రావాలో తెలుస్తుంది. పలకలు మార్చాక ఆ గీత పనికిరాదు, ఎందుకంటే కొత్త పలకలో వాషరు కూర్చునే గుంట లోతు పాతదానితో సరిగ్గా కలవదు.

ఆ లోతులో తేడా ఎంత దూరం పోతుందో చూడండి. వాషరు వ్యాసం 10 మిల్లీమీటర్లు, బ్లేడు కొస ఇరుసుకు 85 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. వాషరు ఒకవైపు 0.05 మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చుంటే, కొస దగ్గరికి వచ్చేసరికి ఆ వాలు ఎనిమిదిన్నర రెట్లయి 0.42 మిల్లీమీటర్లవుతుంది. పలకల మధ్య సందు 3 మిల్లీమీటర్లయితే, 2.29 మిల్లీమీటర్ల బ్లేడుకు అటూ ఇటూ మిగిలేది 0.35 మాత్రమే. కొస పలకను రాసుకుంటుంది. బ్లేడు నడిమధ్యన కూర్చోవడం లేదని మరల్ని పదే పదే బిగించి వదులు చేసేవాళ్లు వెతకాల్సింది మరల్లో కాదు. పలకలో గుంట అడుగున చిక్కుకున్న దుమ్ము, పెయింటు పొర, యంత్రం వదిలిన గరుకు, ఇవి చూడాలి. సన్నని గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్దితే పోయే దోషానికి కొత్త వాషర్లు కొనడం కద్దు. కొత్త పలకల నాణ్యతను వాటి రంగు బట్టి కాకుండా, వాషరు గుంట ఎంత సమంగా ఉందో బట్టి చెప్పాలన్నది నా గట్టి నమ్మకం.

బగౌట్‌లో బ్లేడును తెరిచి ఉంచేది అడ్డంగా జారే ఒక ఉక్కు ఊచ. దాన్ని రెండు పక్కలా రెండు సన్నని తీగ స్ప్రింగులు ముందుకు తోస్తుంటాయి. ఆకారాన్ని బట్టి వాటిని ఒమేగా స్ప్రింగులంటారు. ఒకటి విరిగినా రెండోది ఊచను నిలబెడుతుంది. పలక ఎత్తగానే ఇవి గాల్లోకి లేస్తాయి, నేల మీద పడితే దొరకడం కష్టం. తెల్లటి పళ్లెంలోనో పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలోనో చేతులు పెట్టి పలక ఎత్తడం మంచి అలవాటు.

టైటానియం క్లిప్పుకో పలకకో రంగు తెప్పించడం ఈ అభిరుచిలో అందరికీ నచ్చే భాగం. అందులో రంగు పదార్థమేమీ ఉండదు. వాషింగ్ సోడా లాంటి ఉప్పు కలిపిన నీళ్లలో టైటానియాన్ని ధన ధ్రువానికి కలిపి కరెంటు పంపితే, దాని మీద కొన్ని పదుల నానోమీటర్ల ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగివచ్చే కాంతి కిరణాలు కలిసి రంగు పుట్టిస్తాయి. పొర మందాన్ని నిర్ణయించేది వోల్టేజి. 9 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపితే 18 వోల్టులు, ఊదా. మూడు కలిపితే 27, నీలం. యాభై దాటితే బంగారు పసుపు, తర్వాత గులాబీ, తొంభై పైన ఆకుపచ్చ. ఇంట్లో చేసేవాళ్లు 27 దగ్గర ఆగిపోవాలి, అదీ రబ్బరు తొడుగులు వేసుకుని. తడి చేతులకు 60 వోల్టుల డీసీ ప్రమాదకరమే, ఆకుపచ్చ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. నీళ్లలో ముంచేముందు ఉక్కు భాగాలన్నీ తీసేయాలి, తీయకపోతే ఉక్కు తినేస్తుంది. ఈ పొర జేబులో తాళాలతో రాసుకుని కొన్నాళ్లకు వెలిసిపోతుంది, మళ్లీ ముంచితే మళ్లీ వస్తుంది.

చట్టం కూడా అంకెలతోనే మాట్లాడుతుంది. మన దేశంలో 2016 ఆయుధ నియమాలు 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగులను ఆయుధాల జాబితాలో పెట్టాయి. ఇంటి పనికి, సేద్యానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటిని మినహాయించాయి. ఢిల్లీలో 1980 నాటి ఉత్తర్వు ఇంకా కఠినం. స్ప్రింగుతోనో బటనుతోనో మరే యంత్ర సాధనంతోనో తెరుచుకునే చాకు అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉంటే అది నిషేధం కిందికి వస్తుంది. 7.62 సెంటీమీటర్లంటే 3 అంగుళాలు. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా జేబులో పెట్టుకుని తిరగగలిగే మడత చాకుకు హద్దు కూడా ఆ 3 అంగుళాలే, అదీ లాక్ లేనిదై ఉండాలి. బగౌట్ ఈ రెండు షరతుల్లోనూ తప్పుతుంది, లాక్ లేని స్పార్టన్ నెగ్గుతుంది. కాబట్టి లాక్‌నూ స్ప్రింగునూ మార్చేటప్పుడు మీరుండే చోట చట్టం ఏమంటుందో ముందు చూసుకోవాలి. అమెరికా నుంచి వచ్చే బంధువులు తెచ్చే 58 మిల్లీమీటర్ల, 21 గ్రాముల చిన్న క్లాసిక్ చాకుకు కూడా విమానం క్యాబిన్‌లో చోటు లేదు. దాన్ని చెక్-ఇన్ పెట్టెలోనే సర్దాలి.

మొదటిసారి చేయి పెట్టేవాళ్లకు నేను సూచించేది స్విస్ చాకూ కాదు, బగౌటూ కాదు, ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతపు ఓపినెల్ 8వ నంబరు. జోసెఫ్ ఓపినెల్ 1890లో ఈ చాకు మొదలుపెట్టాడు. 1955లో మార్సెల్ ఓపినెల్ తిరిగే లాక్ రింగు జోడించాడు. మొత్తం భాగాలు ఐదే: 8.5 సెంటీమీటర్ల బ్లేడు, కర్ర పిడి, మెడ చుట్టూ బిగించిన రింగు, దాని మీద తిరిగే రింగు, ఒక చీల. తిరిగే రింగును సర్‌క్లిప్ పట్టకారుతో వెడల్పు చేసి తీస్తే, చీలను పంచితో తోసేయొచ్చు. స్ప్రింగులు లేవు కాబట్టి ఏదీ ఎగిరి పడదు. కర్ర గనక ఆకురాయితో చేతికి తగ్గట్టు చెక్కుకోవచ్చు. కొడవలికి, గొడ్డలికి పిడి వేసే వడ్రంగి ఎవరైనా అందుబాటులో ఉంటే తుమ్మ కర్రతో కొత్త పిడే చేయించుకోవచ్చు. బ్లేడు మడిచే గాడి వెడల్పు ఒక్కటి జాగ్రత్త. కర్ర తడికి ఉబ్బుతుంది, ఉబ్బితే ఆ గాడి బ్లేడును బిగబట్టేస్తుంది. కొత్త పిడిని అవిసె నూనెలో నానబెట్టి, బాగా ఆరనిచ్చి, గాడిలో మడిచిన గరుకు కాగితాన్ని ఆడించి, బ్లేడు రెండు పక్కలా కాగితం మందం సందు ఉందని చూసుకున్నాకే చీల దించాలి.